ఎత్తగలిగినన్ని గుర్రాలు

మార్చి 3
రేవు వీధి, మేడమీది ఇల్లు

చేసినవి: దుప్పట్లు ఉతికి ఆరేయడం, వంటగది అలమార దించి తుడవడం, తలగడ గలీబులు కుట్టడం, కరెంటు ఆఫీసు, మోటార్ల కొట్టు.
చేయనివి: కిటికీ బందులకు నూనె, మీకు ఉత్తరం. రెండోది ఇప్పుడు చేస్తున్నాను.

వదిన గారికి నమస్కారాలు.

మన పడవ, అదే మన బాతు, దాని మోటారు ఇక లేవదట. మీ తమ్ముడు పోయాక ఈ పది నెలల్లో పడవని ఒక్కసారి కూడా కదిలించలేదు కదా, లోపల ఉప్పు పేరుకుని ఎక్కడో పగిలిందట. మెకానిక్ మూత తీసి చూసి, రోగి మంచం పక్కన డాక్టరులా తల అడ్డంగా ఊపాడు. "ఎంతకాలం వాడారమ్మా?" అన్నాడు. మా పెళ్లయిన ఏడు కొన్నది అన్నాను. "అయితే బాగానే కాపురం చేసింది" అన్నాడు. నాకు నవ్వు రాలేదు, కానీ మీకు వస్తుందని రాస్తున్నాను.

అక్కడినుంచి కొట్టుకి వెళ్లాను. పడవ వెనక చెక్కకి తగిలించే మోటార్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఎనిమిది హెచ్‌పీ, పదిహేను, ఇరవై.

"ఎంతమంది ఎక్కుతారమ్మా?" అన్నాడు కొట్టతను.

"ఇద్దరం."

"సార్‌ని ఒకసారి పంపించండి, అన్నీ వివరంగా చెప్తాను."

"సార్‌కి వీలు కాదు. నాకే చెప్పండి" అన్నాను. అబద్ధం కాదు కదా వదినా.

అంతా విన్నాక మనకి ఇరవైది మంచిదని నా లెక్కకి తోచింది. మీ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఆ ఇరుకు ఒకటి ఉందిగా. రెండు కొండల నడుమ ఆటు నీళ్లు ఎదురొచ్చినప్పుడు పాత పదిహేనుది ఎలా ఏడ్చిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఆయన పైకి పాట పాడుతూనే చుక్కాని రెండు చేతులా పట్టుకున్నారు. ఇప్పుడు మనం వేసవిలో పై పాయల్లోకి వెళ్తే పరుపులు, పొయ్యి, మంచినీళ్ల క్యాన్లు, అన్నీ ఉంటాయి. ఆయన పోయిన వారంలోనే మీరన్నారు, ఏడాది తిరిగాక ఇద్దరం బాతెక్కి పోదామని. నేను మరిచిపోలేదు.

మీ సలహా రాయండి. ఇల్లు రిపేరు అయిందా? అయితే ఓసారి బస్సులో వచ్చి చూసి వెళ్తాను.

మీ మరదలు


మార్చి 11
పై రేవు, లాంచీల షెడ్డు మీద గది

లెక్కలమ్మకి,

ఇరవై గుర్రాలా! ఏ రాజ్యం మీద దండెత్తుతున్నావే?

బాతుకి ఎన్ని గుర్రాలు కట్టినా బాతే. అది పొట్టగా, బరువుగా కట్టిన పడవ. ఒక వేగం దాకా హాయిగా పోతుంది. ఆపైన ఎంత తోసినా వెనక భాగం నీళ్లలో కూలబడి ముక్కు ఆకాశం చూస్తుందే తప్ప అడుగు ముందుకి పడదు. మా ఆయన్ని హెడ్ క్లర్కుని చేశాక ఎలా నడిచేవాడో చూశావుగా, అచ్చం అలా. పెట్రోలు మాత్రం కడుపునిండా తాగుతుంది. కొట్టువాడు పెద్దదే అంటగడతాడు, వాడి పొట్ట వాడిది. నువ్వు ఎనిమిదిది తీసుకో. నీళ్లలోకి దిగే కాడ పొడుగ్గా, దాని చివర పంకా పెద్దగా ఉన్నది అడుగు. పరుగుకి కాకుండా బరువు తోయడానికి చేసినది వేరే ఉంటుంది.

అసలు సంగతి, ఎత్తి చూశావా? వానలు మొదలవగానే ఊడదీసి మేడమీదికి చేర్చాలి. తమ్ముడూ ఎదురింటి వడ్రంగీ చెరో పక్కా పట్టేవాళ్లు. ఇప్పుడు ఎవరు పడతారు? ఆ వడ్రంగి నడుం విరిగితే వాళ్లావిడ నీ ఇంటిముందు కూర్చుంటుంది. ఎత్తగలిగినన్ని గుర్రాలే కొనుక్కో.

రిపేరు ఇంకా సాగుతోంది. మెట్లు ఊడదీశారు. ఇల్లంతా దుమ్ము. ఇప్పుడు రావద్దు.

నీ వదిన


మార్చి 19
రేవు వీధి

వదిన గారికి,

మీరన్నట్టే ఎత్తి చూశాను. ఎనిమిదిది స్టూలు ఎత్తు దాకా లేపాను. కొట్టతను "జాగ్రత్తమ్మా, జాగ్రత్తమ్మా" అంటూ నా చుట్టూ తిరిగాడు. ఇరవైది కనీసం పక్కకి ఒరగలేదు. ఒప్పుకుంటాను. కానీ ఎత్తాల్సి వచ్చినప్పుడు ఇద్దరం ఉంటాం కదా. చెరో పక్కా పడితే ఆ బరువెంత?

మీరు ఏళ్ల తరబడి రేవు లాంచీ నడిపినవారు, నేను ఇంట్లో డబ్బాల మీద చీటీలు అంటించుకునేదాన్ని. అయినా ఒకటి అడుగుతాను. మనుషులిద్దరికీ కలిపి నూట ముప్పై కిలోలు వేశాను. నీళ్లు నలభై. పెట్రోలు, పొయ్యి, పరుపులు, సామాను కలిపి ఇంకో డెబ్భై. ఇంత బరువుతో ఇరుకులో ఆటుకి ఎదురు పోవాలంటే ఎనిమిది చాలదని కొట్టతను కూడా అన్నాడు. ఇది భయం కాదు, లెక్క.

మీ మనసులో ఇంకేదైనా ఉంటే సూటిగా రాయండి. ఆ పడవ మీ తమ్ముడిది, మీకు అమ్మెయ్యాలని ఉంటే అమ్మెయ్యండి. అంతేకానీ చిన్న మోటారొకటి తగిలించి, దాన్ని గట్టుకి కట్టేసి, రోజూ వెళ్లి చూసి రమ్మంటే నా వల్ల కాదు. ఇప్పుడు చేస్తున్నది అదే. రోజూ సాయంత్రం వెళ్లి, లోపల తుడిచి, దీపం చిమ్నీ తుడిచి, తాళం వేసి వస్తున్నాను.

నెలాఖరు దాకా మనకోసం ఇరవైది పక్కన పెట్టమని చెప్పాను.

మరదలు


మార్చి 23
పై రేవు
(కార్డు)

రెండో మనిషి ఎవరే?

మొదటి ఉత్తరంలో "మనకి ఇరవైది" అన్నావు. నేనెప్పుడో అన్న "ఇద్దరం" లాగే అదీ మాటవరస అనుకున్నాను. మన బస్సు, మన సినిమా హాలు అంటాం కదా, అలా. రెండో ఉత్తరంలో కిలోల్లో రాశావు. మాటవరసకి బరువుండదు. ఎవరా మనిషి? వెంటనే రాయి.


మార్చి 28
రేవు వీధి

వదినా,

మీరే. ఇంకెవరున్నారు నాకు?

మీ బరువు అరవై ఎనిమిది వేశాను. ఎక్కువ వేశానని తిడతారో, తక్కువ వేసి ముఖస్తుతి చేశానంటారో, ఏదో ఒకటి రాయండి. మీ తిట్టు కూడా ఒక మాటే. ఈ మధ్య మాటలు బాగా తగ్గిపోయాయి. మొన్న పేపరతను డబ్బులకి వస్తే "ఎంత" అని అడగబోయి గొంతు పెగల్లేదు. పొద్దుటినుంచి అదే మొదటిమాట అని అప్పుడు తెలిసింది. అప్పటికి మధ్యాహ్నం దాటింది.

నేను రోజూ చేసినవీ చేయనివీ రాసి పెట్టుకుంటానని మీరు వెక్కిరిస్తారు. అది పొదుపు కోసం పెట్టుకున్న అలవాటు కాదు వదినా. ఆయన రాగానే చెప్పులు విప్పుతూ "ఇవాళేం చేశావు?" అనేవారు. నేను చెబుతుంటే వినేవారు కాదు, పేపరు తీసేవారు. అయినా అడిగేవారు. అడుగుతారని పొద్దుటినుంచీ గుర్తు పెట్టుకునేదాన్ని. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను, అంతే.

మీరు ఎక్కకపోతే నాకా పడవ ఎందుకు? ఎనిమిదిది కొంటే ఒక్క మనిషికి సరిపోతుంది. ఒక్క మనిషికి సరిపోయేది కొనడం నా చేత కావడంలేదు. గ్లాసు కొన్నా రెండు కొంటున్నాను.

ఏప్రిల్ నెలాఖరుకి మీరు వస్తారా? వస్తానని ఒక్క ముక్క రాస్తే వెళ్లి ఇరవైది తెచ్చేస్తాను.

మీ మరదలు


ఏప్రిల్ 5
పై రేవు

ఏమే,

నా బరువు తప్పు వేశావు. ఇప్పుడు యాభై మూడు. నీ లెక్క ఒకటి తప్పడం మొదటిసారి చూస్తున్నాను, తప్పు నీది కాదు.

ఇల్లు రిపేరు అబద్ధం. మెట్లు ఊడలేదు, నేనే ఊడాను. జనవరిలో పైమెట్టు మీంచి జారి కిందిదాకా వెళ్లాను. తుంటి విరిగింది. లోపల ఇనపకడ్డీ వేసి బిగించారు. ఇప్పుడు నడిచే చట్రం పట్టుకుని మంచంనుంచి కిటికీ దాకా, కిటికీనుంచి మంచం దాకా నా ప్రయాణం. కింద కాపురముండే దర్జీ భార్య రెండుపూటలా వండి పెడుతోంది, ఉప్పు వెయ్యదు, కబుర్లు మాత్రం దండిగా వేస్తుంది.

గట్టుకీ పడవకీ మధ్య జానెడు నీళ్లు ఉంటాయి చూడు, అది ఇక నేను దాటలేనే. డాక్టరు "ఇకమీదట పడవలూ గిడవలూ వద్దమ్మా" అన్నాడు. గిడవలేమిట్రా అని అడిగాను. వాడున్నంతసేపూ నవ్వాను. వాడు వెళ్లాక నవ్వు రాలేదు.

నీకెందుకు చెప్పలేదో కూడా చెబుతాను, కోపం తెచ్చుకో. చెబితే ఆ రోజే బస్సెక్కుతావు. మా అమ్మ మంచాన పడితే ఏడేళ్లు చేశావు. తమ్ముడు పడితే రెండేళ్లు చేశావు. ఇక్కడికి వస్తే నా పక్క సర్ది, నా మందుల సీసాల మీద చీటీలు అంటించి, ఇక్కడే ఉండిపోతావు. ఎవరో ఒకరు మంచం మీద ఉంటే నీకు ఊపిరాడుతుంది. నేను పోతే ఇంకో మంచం వెతుక్కుంటావు. నీ ఊపిరికి నా తుంటి అద్దెకివ్వను.

అందుకే ఎనిమిది అన్నాను. అది నీ ఒక్కదాని లెక్క. "ఒక్కదానివే" అని రాయడానికి చెయ్యి రాక బాతులూ గుర్రాలూ అని ఏదో వాగాను.

ఇరుకు సంగతి చెబుతా విను. ఆటుకి ఎదురు పోవడానికి ఇరవై కాదు, యాభై ఉన్నా నేను వెళ్లేదాన్ని కాదు. నా లాంచీకి ఎన్ని గుర్రాలుండేవో నీకు తెలుసు, అయినా ఆగేదాన్ని. ఇరుకుకి ఇవతల, కింది వంపులో లంగరు వెయ్యి. టీ పెట్టుకో. ఒక గడ్డిపరక నీళ్లలో పడెయ్యి. సముద్రం వైపు పోతుంటే ఇంకో టీ పెట్టుకో. పరక ఎటూ పోకుండా ఉన్నచోటే తిరుగుతుంటే లంగరు ఎత్తు. అక్కణ్నుంచి పోటు నిన్ను వీపు మీద చెయ్యేసి తీసుకొస్తుంది, ఎనిమిది కూడా ఎక్కువే. వెనక్కి వెళ్లేటప్పుడు ఆటుతో వెళ్లాలి. ఇంతే విద్య.

బస్సులో వస్తే తలుపు తియ్యను. దర్జీ భార్యకి కూడా చెప్పి పెట్టాను. బాతులో వస్తే కిటికీ తీసి ఉంటుంది.

వదిన


ఏప్రిల్ 12
రేవు వీధి

చదివి వంటగది కడిగాను. మళ్లీ చదివి మెట్లు కడిగాను.

జనవరినుంచి! నేను ఇక్కడ మీ నిద్రకని తలగడ గలీబులు కుట్టాను, పడవలో మీ పక్క కిటికీ వైపు వేశాను, మీరక్కడ విరిగిన తుంటితో "దుమ్ముగా ఉంది, రావద్దు" అని రాశారు. మిమ్మల్ని ఏమనాలో తెలియడంలేదు. పెద్దవారు కాబట్టి రాయడంలేదు, మనసులో అనేశాను.

నేను మంచాలు వెతుక్కుంటానా? ఎవరు చేస్తారు మరి? ఎవరైనా చేశారా?

ఒక్కదాన్ని వెళ్లడానికి ఇరుకంటే భయం కాదు. నిన్న బాతులో కూర్చుని చూశాను. చుక్కాని దగ్గర ఆయన చోటులో నేను కూర్చుంటే, ఎదురుగా నేను కూర్చునే చోటు ఖాళీగా ఉంది. ఇన్నాళ్లూ ఆయన లేకపోవడమే చూశాను. నేను లేకపోవడం ఎప్పుడూ చూడలేదు. లేచి వచ్చేశాను.

బస్సు వేళలు కనుక్కున్నాను. ముందే చెప్పి పెడుతున్నాను.


ఏప్రిల్ 16
పై రేవు
(కార్డు)

తియ్యను.


మే 14
రేవు వీధి

వదినా,

క్షేమంగా చేరాను. దర్జీ భార్యతో చెప్పండి, ఆవిడ దేవుళ్లందరికీ అర్జీలు పెడతానంది కదా, ఇక ఆపమని.

మీ గదిలో ఉన్న మూడు రోజులూ చెప్పడం కుదరనివి కొన్ని రాస్తున్నాను. మీ ఎదురుగా మాట్లాడే వంతు నాకెప్పుడు వచ్చింది గనక?

మోటారు కొనడానికి వెళ్లినప్పుడు కొట్టతను "ఇరవైది ఉంచమన్నారుగా అమ్మా?" అన్నాడు.

"అక్కర్లేదు. ఎక్కేది ఒక్కరే."

"సార్ రారా?"

"సార్ పోయారు. ఏడాది అయింది" అన్నాను.

అతను చేతిలో గుడ్డతో ఎనిమిదిదాని మూతని, తుడిచిందే మళ్లీ తుడిచాడు. తర్వాత "దీన్ని ఇలా పిడి పట్టుకుని, ఒంటికి ఆనించుకుని మొయ్యాలమ్మా, చేతులు చాపి మోస్తే నడుం పోతుంది" అని తను మోసి చూపించి, నాచేత కొట్టు చివరిదాకా మోయించాడు. ఆయన పోయారని నా నోటితో ఒకరికి చెప్పడం అదే మొదటిసారి. మిగతావాళ్లందరికీ వేరేవాళ్లు చెప్పారు.

గట్టునుంచి వెనక చెక్క దాకా నేనే మోశాను. మరలు బిగించాను. తాడు ఎంత లాగినా మోటారు అంటుకోలేదు. పెట్రోలు మూత తిప్పలేదని తర్వాత చూసుకున్నాను. వడ్రంగి తన గుమ్మంలోంచి అంతా చూస్తూనే ఉన్నాడు, "సాయం రానా" అంటే ఎక్కడ రమ్మంటానో అని నడుం మీద చెయ్యేసుకుని మరీ చూశాడు.

వంపులో టీ పెట్టుకున్నాను. రెండు గ్లాసులు తీశాను, ఒకటి లోపల పెట్టేశాను. పరక నిలబడింది. మిగతాది మీరు చూశారు. కిటికీలోంచి మీరేదో అరుస్తున్నారు కానీ మోటారు చప్పుడులో వినపడలేదు. నోరు కదిలే తీరు చూస్తే తిట్లనే అర్థమైంది. "ముక్కు ఎడమకి తిప్పు" అన్నారని పైకి వచ్చాక తెలిసింది. అప్పటికే మీ గట్టుకి గీత పడింది.

ఇప్పుడు మీరు తిట్టాల్సిన సంగతి. తిరుగు ప్రయాణంనాడు పొద్దున ఆటు మొదలవగానే పొమ్మన్నారు మీరు. సరే అని మెట్లు దిగాను, నిజమే. కానీ దిగాక దర్జీవాళ్ల వంటింట్లోకి చేర్చిన మీ గిన్నెల అలమార చూశాను. ఆ జిడ్డు చూసి ఎలా వెళ్లను? దించి తుడిచి సర్దేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఇరుకు చేరేలోపు ఆటు అయిపోయి, పోటు నీళ్లు ఎదురొచ్చాయి.

ఎనిమిది గుర్రాలూ గొంతు చించుకున్నాయి వదినా. కొండవాలున ఎర్రరాయి ఒకటి ఉంది కదా, దాని పక్కన ఎంతసేపు ఉన్నానో, నేనూ రాయీ ఒకరినొకరం చూసుకుంటూ. చివరికి నిమ్మళంగా తిప్పుకుని వెనక్కి వచ్చి, పైవంపులో లంగరు వేశాను. ఆ నిండు పరుగుకి పెట్రోలు మాత్రం అడుగంటింది. చిన్న మోటారుని గట్టిగా తోలితే పెద్దదానికంటే ఎక్కువ తాగుతుందని నేను అననే అన్నాను. లేదు, అనలేదు. అనాల్సింది.

అక్కడ ఇసుక పడవ ఒకటి కట్టేసి ఉంది. దాని మనిషి అంచున కూర్చుని గాలానికి ఎర గుచ్చుతున్నాడు. పెట్రోలు అడగడానికి సిగ్గేసి, పొయ్యి వెలిగించి ఆర్పాను. మంచినీళ్లు తాగాను. ఆఖరికి అడిగాను.

"ఒక్కరేనా అమ్మా?" అన్నాడు.

"ఒక్కదాన్నే."

"పోటుకి ఎదురు ఎనిమిదితో దిగారా?"

"గిన్నెల అలమార తుడుస్తూ ఆలస్యం చేశాను."

అతనికేం అర్థమైందో, ఇంకేం అడగలేదు. క్యానులోంచి రెండు లీటర్లు కొలిచి పోశాడు. డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. "డబ్బుతో పడవ నడుస్తుందా అమ్మా? ఎప్పుడైనా ఇటొస్తే పెట్రోలే పోయండి" అన్నాడు. ఆటు మొదలయ్యాక బయలుదేరి, దీపాలు పెట్టే వేళ దాటాక ఇల్లు చేరాను.

తాళం తీశాను. ఇల్లు ఎలా ఉంచి వెళ్లానో అలాగే ఉంది. చెప్పులు విప్పి కాసేపు గుమ్మంలో నిలబడ్డాను. ఎవరూ ఏమీ అడగలేదు. అంత పెద్ద పని చేసి వచ్చిన రోజు కూడా అడగరని అప్పుడు బాగా తెలిసింది. ఏడవలేదు. అన్నం వండుకుని, చల్లారిపోయాక తిన్నాను.

తర్వాత రెండు రోజులు ఇంట్లోంచి కదల్లేదు. ఆ ఇసుక పడవాయన మాట మాత్రం వదలలేదు. "ఎప్పుడైనా" అంటే ఎప్పుడూ కాదని నాకు తెలుసు. ఆయన పోయినప్పుడు మా ఇంటికి "ఎప్పుడైనా వస్తాం" అన్నవాళ్లు చాలామంది. అతను మళ్లీ నన్ను చూస్తానని అనుకుని ఉండడు. అందరిలా నేనూ ఆ మాట గాలికి వదిలేస్తే అడిగేవాళ్లు లేరు.

ఇవాళ పొద్దున ఇల్లు ఊడ్చాను, అంతే. ఇంకే పనీ పెట్టుకోలేదు. క్యానులో పెట్రోలు పోసుకుని, కింది వంపులో ఆగి, నీళ్లు తిరిగాక ఇరుకు దాటాను. మీ దాకా రాలేదు, కోపగించుకోకండి. ఈ పూట ఎవరి మంచం కోసమూ వెళ్లలేదు. మోటారు సగం జోరుతోనే సాఫీగా పోయింది. నీళ్ల మీద ఎండ పడి కొండ గోడల మీద కదులుతోంది. ఎదురుగా నా చోటులో పెట్రోలు క్యాను కూర్చుంది. ఒకటి రెండుసార్లు దానితో ఏదో అన్నాను.

అతను నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "దీనికోసం వచ్చారా!" అన్నాడు.

"అవును" అన్నాను.

అతని లీటరు కొలపాత్ర అడిగి తీసుకుని, అంచుదాకా నింపి, నా చేత్తో అతని క్యానులో పోశాను. చుక్క తగ్గకుండా రెండుసార్లు.

ఇసుక పడవ ఆయనకి బాకీ, పెట్రోలు రెండు లీటర్లు. వెళ్లి ఇచ్చి వచ్చాను. చెల్లు.

మీ మరదలు